బైబిలులో ముద్దు: హెబ్రీ 'నాషక్', మన సంఘాలు విడిచిపెట్టిన వందనం

ఉపోద్ఘాతం

రోమా పత్రిక 16వ అధ్యాయాన్ని ఆరాధనలో చదివేటప్పుడు 16వ వచనం దగ్గర చదివేవారి గొంతు కాస్త తగ్గడం మనకు కొత్త కాదు. యౌవనస్థుల వైపు నుండి చిన్న నవ్వు వినబడుతుంది. పెద్దలు తల వంచుకుంటారు. పవిత్రమైన ముద్దుతో ఒకరికొకరు వందనం చేసుకోవాలన్న ఆజ్ఞ క్రొత్త నిబంధన పత్రికలలో ఐదుచోట్ల కనిపిస్తుంది (రోమా 16:16, 1 కొరింథీ 16:20, 2 కొరింథీ 13:12, 1 థెస్స. 5:26, 1 పేతురు 5:14). ఇన్నిసార్లు చెప్పబడిన ఆజ్ఞ మీద మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు సంఘాలలో ప్రసంగం వినడం మాత్రం అరుదు. 'అది ఆ దేశాచారం, మనది కాదు' అని ఒక్క మాటతో దాన్ని దాటివేయడం అలవాటైపోయింది.

ఆ జవాబులో సగం నిజం ఉంది. ముద్దుతో పలకరించడం తూర్పు మధ్యధరా ప్రాంతపు ఆచారమే. అయితే అపొస్తలులు ఆ ఆచారం ద్వారా సంఘాన్ని ఏమి చేయమన్నారో తెలుసుకోకుండా ఆచారాన్ని పక్కన పెడితే, దానితోపాటు ఆజ్ఞను కూడా పక్కన పెట్టినవారమవుతాము. అందుచేత మేము ఈ వ్యాసంలో ముందుగా తెలుగు మాటను, తరువాత హెబ్రీ మాటను పరిశీలించి, పాత నిబంధనలో ముద్దు ఏయే సంబంధాలను ప్రకటించిందో చూసి, చివరిగా 'పవిత్రమైన ముద్దు' మన సంఘాలను ఏమి అడుగుతున్నదో వివరించదలచాము.

1. తెలుగు మాటతో వచ్చే చిక్కు

మన తీరానికి తెలుగు బైబిలుతో పాత సంబంధం ఉంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి 1805లో విశాఖపట్నం చేరి, తెలుగు నేర్చుకొని అనువాదానికి పూనుకున్నారు. ఆనందరాయర్ అనే విశ్వాసి వారికి తోడ్పడ్డాడు. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను కన్నుమూశారు. వారి ప్రయాస ఫలితంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. యూదా ముద్దు, తప్పిపోయిన కుమారుని తండ్రి పెట్టిన ముద్దు, సీమోను ఇంట పాపాత్మురాలి ముద్దు ఈ మూడు సువార్తలలోనే ఉన్నాయి. కాబట్టి బైబిలులోని ముద్దును తెలుగువారికి ఎలా వినిపించాలనే ప్రశ్న మన తీరాన ఇరువది దశాబ్దాల క్రితమే ఎదురైందన్నమాట.

నేడు మన చేతుల్లో ఉన్న బైబిలు 'ముద్దుపెట్టుకొను' అనే మాట వాడింది. అది సరైన మాటే. కాని తెలుగులో 'ముద్దు' ఒక్క పెదవుల పని కాదు. ముద్దుబిడ్డ, ముద్దుపేరు, ముద్దుమాటలు, ముద్దుముచ్చట అన్నప్పుడు గారాబం, అందం, మురిపెం వినబడతాయి. పెద్దవారి విషయంలో ఆ మాట వస్తే దాంపత్యమో సినిమానో గుర్తుకు వస్తుంది. అంటే మన భాషలో ముద్దుకు రెండు ఇళ్లే ఉన్నాయి: ఒకటి ఊయల, రెండవది పడకగది. రాజు ముందు, యాజకుని ముందు, ఊరి వాకిట, సంఘం మధ్య ముద్దుకు చోటు లేదు.

దీనికి కారణం ఎంగిలి అనే మన భావన. నోరు తగిలినది ఎంగిలి. అందుచేత గౌరవించదగిన వస్తువును మనం నోటికి తాకించము, కళ్లకద్దుకుంటాము. పెద్దలకు పాదాలు తాకి దండం పెడతాము. బిడ్డ విషయంలో కూడా మన అమ్మమ్మలు బుగ్గలు పుణికి ఆ వేళ్లను తమ పెదవులకు తాకించుకుంటారు. హెబ్రీయులు మాత్రం ప్రేమను, గౌరవాన్ని, విధేయతను కూడా నోటితోనే తెలిపారు. ఈ తేడా తెలియక చదివితే, రాజులకు ఇచ్చిన హెచ్చరిక కూడా మన చెవికి జోలపాటలా వినిపిస్తుంది.

2. హెబ్రీ మాట

ముద్దుకు హెబ్రీలో ప్రధానమైన క్రియాపదం 'నాషక్'. పాత నిబంధనలో ఇది సుమారు 30 సార్లు కనిపిస్తుంది. 'కల్' రూపం సాధారణమైన ముద్దును తెలుపుతుంది. 'పియేల్' రూపం ఐదుచోట్ల వస్తుంది. లాబాను యాకోబును చేర్చుకొన్నప్పుడు (ఆది. 29:13), యోసేపు తన సహోదరులందరిని ఒక్కొక్కరిగా హత్తుకొన్నప్పుడు (ఆది. 45:15) ఉన్నది ఈ రూపమే. ముద్దు అనే నామవాచకం 'నెషీకా' రెండుచోట్ల మాత్రమే ఉంది (సామెతలు 27:6; పరమగీతము 1:2).

ఈ క్రియాపదం పెదవులకే పరిమితం కాదు. యెహెజ్కేలు చూచిన జీవుల రెక్కలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు చెప్పేచోట (యెహె. 3:13) ఉన్నది కూడా ఈ ధాతువే. అంటే తాకుట, ఒకదానితో ఒకటి కలియుట అనే భావం ఇందులో ఉంది. ఫరో యోసేపుతో తన ప్రజలందరు అతనికి లోబడతారని చెప్పిన మాటలో (ఆది. 41:40) మన తెలుగు బైబిలు విధేయత అనే భావాన్ని ఇచ్చింది. మూలంలో మాత్రం 'నీ నోటిని' అనే మాటతోపాటు నాషక్ అనే క్రియ ఉంది. అది కష్టమైన వాక్యమే. అయినా ముద్దుకు, విధేయతకు హెబ్రీ చెవిలో ఉన్న దగ్గరితనాన్ని అది చూపిస్తుంది. సరియైన జవాబు పెదవులమీది ముద్దు వంటిదన్న సామెత (సామెతలు 24:26) కూడా ఇక్కడ గమనార్హం. అక్కడ మంచి మాటకు విలువ కట్టడానికి ముద్దు కొలతగా నిలిచింది.

విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరం. ఇవే హల్లులతో 'ఆయుధం ధరించుట' అనే అర్థమిచ్చే ధాతువు కూడా ఉంది (1 దిన. 12:2, కీర్తన. 78:9). ఆయుధాన్ని 'నెషెక్' అంటారు. ఈ రెండూ ఒకే మూలంలో నుండి వచ్చాయో లేదో పండితులు తేల్చలేదు. కాబట్టి 'హెబ్రీలో ముద్దు, ఆయుధం ఒకటే' అని ప్రసంగం కట్టడం మంచిది కాదు. యోవాబు కత్తి గురించి చెప్పవలసివస్తే ఆ కథనే చెప్పవచ్చును. ధాతువును సాక్ష్యానికి పిలవనక్కరలేదు.

3. నీవు నా ఎముక, నా మాంసం

బైబిలులో మొదటి ముద్దు ఇస్సాకు యాకోబులది (ఆది. 27:26-27). చూపు మందగించిన తండ్రి కుమారుని దగ్గరకు పిలిచి ముద్దుపెట్టించుకొని, అతని వస్త్రాల వాసన చూసి దీవించాడు. ముద్దు, వాసన, దీవెన వరుసగా వచ్చాయి. పెద్దలు బిడ్డ శిరస్సు మూర్కొని దీవించడం మన పాత కావ్యాలలో తరచుగా వినిపించే మాటే గనుక, తెలుగు పాఠకునికి ఈ సన్నివేశం పరాయిది కాదు. ముద్దు ఇక్కడ గుర్తింపు. 'నీవు నా బిడ్డవు' అని తండ్రి శరీరం చెప్పే మాట.

యాకోబు పద్దనరాములో రాహేలును ముద్దుపెట్టుకొన్నాడు (ఆది. 29:11). రాహేలు అతనికి మేనమామ కూతురు. మేనరికం తెలిసిన మన ప్రజలకు వెంటనే బావామరదళ్ల సరసం తోస్తుంది. కాని వెనుక వచనాలు చూడాలి. ఆమె తన తల్లి సహోదరుని కుమార్తె అని గుర్తించిన తరువాతనే అతడు ఆమెను ముద్దుపెట్టుకొని బిగ్గరగా ఏడ్చాడు. ఇల్లు విడిచి పారిపోయి వచ్చినవానికి తన వారు దొరికిన ఏడుపు అది. వెంటనే లాబాను కూడా అతన్ని ముద్దుపెట్టుకొని, అతడు తన ఎముక, తన మాంసమని ఒప్పుకొన్నాడు. ముద్దుకు హెబ్రీయుల మధ్య ఉన్న మొదటి అర్థం ఈ ఒప్పుకోలే.

మోషే తన మామ యిత్రోను ఎదుర్కొన్న తీరు కూడా జాగ్రత్తగా చదవదగినది (నిర్గమ. 18:7). మోషే ముందు వంగి నమస్కరించాడు, ఆ పిమ్మట ముద్దుపెట్టుకొన్నాడు. నమస్కారం గౌరవాన్ని చెప్పింది, ముద్దు బంధాన్ని చెప్పింది. ఒకదానితో రెండవ దాని పని తీరిపోలేదు. ఈ సంగతి మనం చివరిలో మరల జ్ఞాపకం చేసుకోవలసి ఉంటుంది.

4. వీడ్కోలులోను సమాధానంలోను

రూతు గ్రంథం మొదటి అధ్యాయంలో ఒర్పా అత్తను ముద్దుపెట్టుకొని వెళ్లిపోయింది. రూతు అత్తను హత్తుకొని ఉండిపోయింది (రూతు 1:14). రచయిత 'నాషక్' పక్కనే 'దావక్' అనే క్రియను ఉంచాడు. 'దావక్' అంటే అంటిపెట్టుకొనుట. భార్యను హత్తుకొనుట గురించి ఆదికాండము 2:24 చెప్పేది కూడా ఆ మాటతోనే. ఒర్పా ముద్దులో కపటం లేదు. ఆమె ఏడ్చింది, ప్రేమించింది, వెళ్లింది. ముద్దు ప్రేమకు గుర్తే గాని, ఉండిపోవడం అంతకంటే గొప్పదని ఆ వచనం నేర్పుతుంది.

ఎఫెసు పెద్దలు మిలేతులో పౌలు మెడమీద పడి, ఏడ్చి, ముద్దుపెట్టుకొని ఓడవరకు సాగనంపారు (అపొ. కా. 20:37-38). సముద్రపుటొడ్డున జరిగిన ఈ వీడ్కోలు మన తీరపు సంఘాలకు వివరించనక్కరలేదు. మన మత్స్యకారులు వేట కోసం గుజరాతు తీరం వరకు వలస వెళ్తారు. 2018లో పాకిస్తాన్ అధికారులకు చిక్కిన మన రెండు జిల్లాల జాలరులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఇటువంటి తీరాన నివసించేవారికి, మరల ముఖం చూడమేమోనన్న భయంతో పెట్టిన ముద్దు ఎంత బరువైనదో తెలుసు.

సమాధానపు ముద్దులలో ఏశావుది ముఖ్యమైనది (ఆది. 33:4). హెబ్రీ ప్రతులలో అక్కడ 'అతని ముద్దుపెట్టుకొనెను' అనే భావమిచ్చే పదం మీద ప్రతి అక్షరానికి ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్కలు ఎందుకని యూదా రబ్బీలు తర్కించారు. ఆదికాండముపై వచ్చిన ప్రాచీన 'మిద్రాష్' ఇద్దరి అభిప్రాయాలను భద్రపరచింది. రబ్బీ షిమియోన్ బెన్ ఎలాజర్ ప్రకారం ఆ గడియలో ఏశావు మనస్ఫూర్తిగా ముద్దుపెట్టుకొన్నాడు. రబ్బీ యన్నాయి ప్రకారం అతడు కరవడానికి వచ్చాడు. హెబ్రీలో 'కోఫ్' అక్షరంతో రాస్తే ముద్దు, 'కాఫ్' అక్షరంతో రాస్తే కాటు. పలికితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఈ చర్చ ఏశావును గూర్చినదే అయినా ప్రతి ముద్దునూ ప్రశ్నిస్తుంది. బయటికి ఒకేలా కనిపించే పనిలో లోపల ఏ అక్షరం ఉంది?

తప్పిపోయిన కుమారుని తండ్రి విషయంలో ఈ అనుమానానికి చోటు లేదు. కుమారుడు నేర్చుకొనివచ్చిన మాటలు మొదలుపెట్టకముందే తండ్రి పరుగెత్తి మెడమీద పడి ముద్దుపెట్టుకొన్నాడు (లూకా 15:20). లూకా అక్కడ 'కటఫిలేయో' అనే గట్టి క్రియను వాడాడు. పందుల మధ్య నుండి వచ్చినవాడు ఇంకా స్నానం చేయలేదు, వస్త్రం మార్చలేదు. మైలను కడిగిన తరువాత తాకిన తండ్రి కాడు ఈయన, తాకి చేర్చుకొన్న తండ్రి.

5. రాజుకు చెల్లించే ముద్దు

సమూయేలు సౌలు తలమీద తైలం పోసి ముద్దుపెట్టుకొన్నాడు (1 సమూ. 10:1). ముసలి ప్రవక్త తాను అభిషేకించిన యువకుణ్ణి రాజుగా అంగీకరించిన గుర్తు అది. ఏలీయా దినాలలో బయలుకు మోకాళ్లూనని, నోటితో వానిని ముద్దుపెట్టుకొనని ఏడువేలమందిని దేవుడు తనకు మిగుల్చుకొన్నాడు (1 రాజులు 19:18). హోషేయ కాలంలో ప్రజలు దూడల విగ్రహాలను ముద్దుపెట్టుకొన్నారు (హోషేయ 13:2). ఈ వచనాలలో ముద్దు అంటే ఆరాధన, లోబడుట. అషూరు రాజు మూడవ షల్మనేసెరు నల్లరాతి స్తంభం మీద, ఇశ్రాయేలు రాజు యెహూ పేరిట ఒకడు నేలకు ముఖం ఆనించి రాజు పాదాల ముందు పడివుండడం చెక్కబడింది. అషూరు, బబులోను శాసనాలలో పాదాలను ముద్దుపెట్టుకొనుట అంటే సామంతుడగుట. అక్కడి భాషలో ఆ క్రియ 'నషాకు'. అది హెబ్రీ నాషక్‌కు సోదర పదం.

రెండవ కీర్తన 12వ వచనాన్ని ఈ వెలుగులో చదవాలి. తెలుగు బైబిలులో కుమారుని ముద్దుపెట్టుకొనమన్న మాట క్రిస్మస్ దినాలలో వినబడితే, వినేవారికి పశువుల తొట్టెలోని పసిబిడ్డ కనిపిస్తాడు. అది మన 'ముద్దు' చేసే పని. కీర్తన చెప్పేది వేరు. తిరుగుబాటు చేసిన రాజులు లోబడవలసిన గడియ అది. మూలంలో మరొక చిక్కు ఉంది. 7వ వచనంలో కుమారునికి హెబ్రీ మాట 'బెన్' ఉండగా, 12వ వచనంలో 'బర్' ఉంది. 'బర్' అరామిక్‌లో కుమారుడు, హెబ్రీలో శుద్ధమైనది. గ్రీకు అనువాదమైన సెప్టువజింట్ అక్కడ ఉపదేశాన్ని పట్టుకొనమని అనువదించింది. జెరోము హెబ్రీనుండి చేసిన కీర్తనల అనువాదంలో శుద్ధంగా ఆరాధించమనే భావం ఇచ్చాడు. కొందరు ఆధునికులు పాదాలను ముద్దుపెట్టుకొనమని పాఠాన్ని సవరించారు. పాఠం ఏదైనా ఆ మాట రాజులను లోబడమనే చెప్తున్నది. ప్రసంగించేవారు ఇక్కడ ముద్దును గారాబంగా కాక పాదాభివందనంగా వివరిస్తే మన ప్రజలకు సులువుగా అర్థమవుతుంది.

6. అబద్ధమాడిన ముద్దులు

ముద్దు ఒక సంబంధాన్ని ప్రకటిస్తుంది గనుక, అబద్ధం కూడా ఆడగలదు. బైబిలు ఈ సంగతిని దాచలేదు. మొట్టమొదటి ముద్దే ఏశావు వస్త్రాలు వేసుకొని పెట్టినది. దావీదు అబ్షాలోమును పిలిపించి ముద్దుపెట్టుకొన్నాడు (2 సమూ. 14:33). కాని ఆ తండ్రీకొడుకుల మధ్య జరగవలసిన మాటలు జరిగినట్లు ఆ అధ్యాయం చెప్పదు. తరువాతి అధ్యాయంలోనే అబ్షాలోము గుమ్మం దగ్గర నిలబడి, నమస్కరించవచ్చిన ప్రతివాని చేయిపట్టి ముద్దుపెట్టుకొంటూ ఇశ్రాయేలీయుల మనస్సులు దోచుకొన్నాడు (2 సమూ. 15:5-6). ఎన్నికల వేళ పూరింటి ముందు ఆగి పసిపిల్లలను ఎత్తుకొనే నాయకులను చూచిన మనకు ఆ ముద్దు సంగతి వేరే చెప్పాలా?

యోవాబు కుడిచేత అమాశా గడ్డం పట్టుకొని ముద్దుపెట్టుకొనబోయినట్లు నటించి కత్తితో పొడిచాడు (2 సమూ. 20:9-10). మన భాషలో గడ్డం పట్టుకోవడమంటే బతిమాలడం. ఆ చేతిని చూచి అమాశా రెండవ చేతిలోని కత్తిని కనిపెట్టలేదు. సామెతల గ్రంథంలో పగవాని ముద్దులకంటె మిత్రుని గాయాలు నమ్మదగినవన్న బోధ (సామెతలు 27:6) ఇటువంటి అనుభవాలకు తగిన మాట.

ఈ వరుసకు చివర యూదా ఇస్కరియోతు ఉన్నాడు. మత్తయి, మార్కు సువార్తలలో యూదా ముందుగా గుర్తు చెప్పినప్పుడు 'ఫిలేయో' అనే సామాన్య క్రియ ఉంది. నిజంగా ముద్దుపెట్టినప్పుడు 'కటఫిలేయో' వచ్చింది (మత్తయి 26:48-49; మార్కు 14:44-45). తప్పిపోయిన కుమారుని తండ్రికి లూకా వాడిన క్రియ ఇదే. తోటలోని ద్రోహానికీ, తండ్రి చేర్పుకూ మాట ఒక్కటే. మాటను బట్టి గాని, పనిని బట్టి గాని ముద్దును తూచలేము. అది ప్రకటించిన సంబంధం నిజమా కాదా అనేదే తూనిక.

7. పరమగీతం గురించి ఒక మాట

స్త్రీ పురుషుల ప్రేమలోని ముద్దును బైబిలు సిగ్గుపడి దాచలేదు. పరమగీతము ముద్దుతోనే మొదలవుతుంది. అయితే 8:1లో వధువు పలికిన కోరికను గమనించాలి. అతడు తన సహోదరుడై ఉంటే వీధిలో ముద్దుపెట్టుకొన్నా ఎవరూ నిందించరని ఆమె అంటుంది. అంటే ఇశ్రాయేలు వీధులలోను, మన ఊరి వీధులలో వలెనే, ఈ విషయంలో మర్యాద ఉండేది. వీధిలోని ముద్దు రక్తసంబంధులది, దాంపత్యపు ముద్దు ఇంటిది. కనుక 'ఆ దేశంలో అందరూ అందరినీ ముద్దుపెట్టుకొనేవారు, అందుకే పౌలు అలా రాశాడు' అనుకోవడం పొరపాటు.

8. పవిత్రమైన ముద్దు

పౌలు ఆజ్ఞలోని వింత ఇక్కడే తెలుస్తుంది. రోమా సమాజంలో కూడా ముద్దు ముఖ్యంగా కుటుంబీకులది, దగ్గరి బంధువులది. పౌలు దానిని బంధువులు కానివారి మధ్య పెట్టమన్నాడు. రోమా 16లో 16వ వచనానికి ముందున్న పేర్ల వరుసను ఓపికగా చదవండి. అందులో యూదులున్నారు, అన్యులున్నారు. స్త్రీలు అనేకులు. అంప్లీయతు వంటి పేర్లు ఆ కాలంలో దాసుల మధ్య విరివిగా ఉన్నవి. రూఫు తల్లిని పౌలు తన తల్లి అని కూడా పిలిచాడు (రోమా 16:13). ఇంతమందిని పేరుపేరునా వందనం చేయమని చెప్పిన తరువాతనే ముద్దు సంగతి వచ్చింది. దాసుడు, యజమానుడు, యూదుడు, గ్రీసు దేశస్థుడు ఒకరినొకరు 'నీవు నా ఎముక, నా మాంసం' అని శరీరంతో ఒప్పుకోవాలి. కొరింథులో ధనికులు ముందుగా తిని పేదలను ఆకలితో ఉంచినందుకు గద్దించిన పత్రిక (1 కొరింథీ 11:21-22) ముగిసేచోట కూడా ఈ ఆజ్ఞే ఉంది. తండ్రి ఒక్కడైతే పిల్లలు తోబుట్టువులే గదా! పవిత్రమైన ముద్దు ఆ సిద్ధాంతానికి ఆచరణ.

పరిసయ్యుడైన సీమోను ఇంట యేసుప్రభువు లెక్కపెట్టిన లోపాలలో ఒకటి ముద్దు (లూకా 7:44-46). సీమోను భోజనానికి పిలిచాడు, బల్లదగ్గర కూర్చోబెట్టాడు. కాళ్లకు నీళ్లు, ముద్దు, తలకు నూనె మాత్రం లేవు. పిలిచాడు గాని తనవానిగా చేర్చుకోలేదు. అది ప్రభువు గమనించిన లోటు.

ఆదిమ సంఘం ఈ ఆజ్ఞను నిలబెట్టుకొంది, దానికి కంచె కూడా వేసింది. రెండవ శతాబ్దపు మధ్యలో జస్టిన్ మార్టర్ రాసిన ప్రకారం విశ్వాసులు ప్రార్థనలు ముగించి, రొట్టె, పాత్ర తేకముందు ఒకరికొకరు ముద్దుతో వందనం చేసుకొనేవారు. తెర్తుల్లియను దానిని ప్రార్థనకు ముద్ర అన్నాడు. అలెగ్జాండ్రియా క్లెమెంతు ముద్దుల చప్పుడే గాని ప్రేమ లేని సంఘాలను మందలించాడు. 'అపొస్తలుల సంప్రదాయం' అనే ప్రాచీన సంఘక్రమం పురుషులు పురుషులతో, స్త్రీలు స్త్రీలతో ఈ వందనం చేసుకోవాలని నియమించింది. 'పవిత్రమైన' అనే విశేషణాన్ని వారు అలంకారంగా చదవలేదు. నేడు కాపరులు, సంఘ పెద్దలు, సండేస్కూలు బోధకులు ఎవరిని ఎలా తాకాలి, ఎక్కడ తాకకూడదు అన్న విషయంలో జాగ్రత్త వహించవలసింది కూడా ఈ మాటను బట్టే. ఎదుటివారు ఇష్టపడని స్పర్శకు వాక్యం పేరు పెట్టడానికి ఎవరికీ అధికారం లేదు.

9. మన ప్రాంతపు సంఘాలలో

మన ప్రాంతపు పాత సంఘాలు ఎక్కువగా కెనడా బాప్టిస్టు మిషన్ పనిలో నుండి, పార్వతీపురం, సాలూరు వైపు లూథరన్ మిషన్ పనిలో నుండి పుట్టినవి. ఆ తరువాత అనేక స్వతంత్ర సంఘాలు వచ్చాయి. ఏ సంఘానికి వెళ్లినా చేతులు జోడించి 'వందనాలు' అంటాము. అది మంచి మాట, వాక్యంలో నుండి వచ్చిన మాట. అయితే రోమా 16:16లో రెండున్నాయి: వందనం, ముద్దు. మనం వందనాన్ని ఉంచుకొని ముద్దును విడిచిపెట్టాము. మోషే యిత్రోను ఎదుర్కొన్నప్పుడు నమస్కారం ఒక పని, ముద్దు మరొక పని చేశాయని చూచాము. చేతులు జోడించే వందనం గౌరవాన్ని చూపుతుంది, కాని ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని ఉన్నచోటనే ఉంచుతుంది.

ఈ దూరం మన దేశంలో చిన్న సంగతి కాదు. తాకడమే నేరమైన కులవ్యవస్థలో మన పితరులు బ్రతికారు. నాషక్ అనే ధాతువులో తాకుట అనే భావం ఉందని చూచాము. 'అంటరాని' అనే ముద్ర మోసినవారి పిల్లలకు ఆ మాట సువార్త కావాలి. మరి మన మధ్య సంగతి ఏమిటి? మాల, మాదిగ, రెల్లి, పైడి అని, కొండవారు, పల్లంవారు అని సంఘాలను లెక్కపెట్టే మాటలు విశ్వాసుల నోట ఇంకా వినబడుతున్నాయి. ఒకే పాటల పుస్తకం, ఒకే బల్ల ఉండి, పెళ్లి మాట వచ్చేసరికి కులం అడిగే ఇళ్లున్నాయి. సవర విశ్వాసి కొండ దిగి ఆరాధనకు వస్తే వెనుక చాప చూపించే చోట 'వందనాలు' ఎంత గట్టిగా చెప్పినా, అది సీమోను ఇంటి ఆతిథ్యమే. పిలుపు ఉంది, చేర్పు లేదు.

కాబట్టి మనం ముద్దును యథాతథంగా తిరిగి తేవాలని మేము చెప్పడం లేదు. ఎంగిలిని ఎంచే సమాజంలో, స్త్రీ పురుష మర్యాదలున్న ఊళ్లలో అది అపార్థానికి తావిస్తుంది. ఆజ్ఞ కోరిన పనిని మన దేశాచారంలో ఏది చేయగలదో వెదకాలి. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడిన తరువాత, 1950లో ప్రచురించిన ప్రభురాత్రి భోజన క్రమంలో ఇటువంటి ప్రయత్నం చేసింది. ఒకరి కుడి అరచేతిని మరొకరి కుడి అరచేతికి ఆనించి, ఎడమచేతులతో వాటిని కప్పి సమాధానం అందించుకొనే పద్ధతిని కేరళ సిరియను క్రైస్తవుల నుండి తీసుకొంది. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులు కలపడం అంతటా మానవలసి వచ్చింది. వ్యాధి భయంతో మానినది, భయం తగ్గాక మరల మొదలుపెట్టామా లేదా అని ప్రతి సంఘం ఆలోచించుకోవడం మంచిది.

కాపరులు ఆచరించదగినవి కొన్ని సూచిస్తాము. ప్రభుబల్లకు ముందు, పురుషులు పురుషులతో, స్త్రీలు స్త్రీలతో, తమ పక్కనున్న ఇంటివారితో కాక వేరొక వీధివారితో చేతులు కలిపి సమాధానం చెప్పుకోవాలి. అన్నయ్య, అక్క, పెద్దమ్మ, చిన్నాన్న అనే వరుసలను కులం చూడకుండా పిలుచుకొనే అలవాటు పిల్లలకు చిన్ననాటి నుండే నేర్పాలి. సంఘ కాపరి ఏడాదిలో ప్రతి విశ్వాసి ఇంట కనీసం ఒకసారి కూర్చొని అన్నం తినాలి. మొదట ఏ ఇంట తింటాడో ఊరు చూస్తుంది. సంఘంలో ఇద్దరు మాటలు మానుకొని ఉంటే, వారి చేతులు కలపకముందు మాటలు కలపాలి. దావీదు అబ్షాలోముల ముద్దు మనకు ఆ హెచ్చరిక చేస్తున్నది.

ముగింపు

హెబ్రీ బైబిలులో ముద్దు భావోద్రేకం కాదు, ఒప్పుకోలు. తండ్రి బిడ్డను, మేనమామ మేనల్లుణ్ణి, ప్రవక్త రాజును, అన్న తమ్ముణ్ణి ముద్దుతో ఒప్పుకొన్నారు. ఆ ఒప్పుకోలు నిజమైనచోట సమాధానం కలిగింది, అబద్ధమైనచోట రక్తం చిందింది. నీతి సమాధానములు ఒకదానినొకటి ముద్దుపెట్టుకొన్నాయని కీర్తనకారుడు పాడిన దృశ్యం (కీర్తన. 85:10) సంఘం మధ్య కనబడాలి. సమాధానం పేరు చెప్పి నీతిని బయట నిలబెడితే ఆ రెండింటికి కలయిక లేదు.

ఇక ముందు రోమా 16:16 చదివేటప్పుడు గొంతు తగ్గించనక్కరలేదు. దానికి ముందున్న పేర్లను కూడా స్పష్టంగా చదివి, మన సంఘపు హాజరు పుస్తకంలోని పేర్లను వాటి పక్కన పెట్టి చూద్దాము. వారిలో ఎవరిని మనం ఇంకా చేయిచాపి చేర్చుకోలేదో ఆ పేర్లే మనకు చెప్తాయి.